ఓబులేసు మరిచిపోవలసిన పదిహేడు వాల్వులు

ఎర్రవంక పురపాలక సంఘంలో పనిచేసే ఫిట్టరు ఓబులేసుకు విశ్రాంతి తీసుకోవడం చేతకాదని పై అధికారులు కనిపెట్టేనాటికి, ఆయన రిటైరు కావడానికి ఇంకా పదమూడు నెలలుంది. అప్పటిదాకా ఆయనలో అలాంటి లోపం ఒకటుందని ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

ముప్పై ఆరేళ్లుగా ఆయన చేసిన పని ఒకటే. తెల్లవారకముందే లేచి, సైకిలుకు ఇనుప కడ్డీ కట్టుకుని, ఊరంతా తిరిగి నీళ్ల వాల్వులు తిప్పడం. ఎర్రవంకలో నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. ఏ పేటకు ఎప్పుడు వదలాలో, ఎన్ని చుట్లు తిప్పితే గుట్ట మీది ఇళ్లకు కూడా ధార ఎక్కుతుందో ఆయన చేతులకు తెలుసు. రోజూ తిప్పే వాల్వులు ఆరు. ఇవి కాక పాత మెయిన్ లైను మీద ఇంకో పదకొండున్నాయి. వాటితో పని పడేది పైపు పగిలినప్పుడు మాత్రమే. రోడ్డు వేసిన ప్రతిసారీ అవి ఒక్కొక్కటిగా తారు కిందికి వెళ్లిపోయాయి. వాటికొక పటం ఉండేది. రికార్డు గదిలో దాన్ని చెదలు తినేశాయి. చెదలు తిన్నట్టు మాత్రం రికార్డు భద్రంగా ఉంది.

అరవై ఒకటో ఏడు వచ్చేసరికి ఓబులేసు మోకాళ్లు సైకిలు దిగేటప్పుడు నొప్పి పుట్టడం మొదలుపెట్టాయి. షుగరుకు పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర. దగ్గరి అక్షరాలు కనిపించవు. అయినా పదమూడు నెలలు ఎట్లాగో నెట్టుకొచ్చి, తర్వాత కాళ్లు చాపుకుని కూర్చుంటానని భార్య సుంకులమ్మతో అంటుండేవాడు. ఆమె నమ్మలేదు గాని వింటుండేది.

అప్పుడు వచ్చింది ఉత్తర్వు. ఉద్యోగులు రిటైరైన తొలి ఏడాదిలోనే జబ్బు పడుతున్నారనీ, పని ఒక్కసారిగా ఆగిపోవడమే అందుకు కారణమనీ ఉన్నతస్థాయి అధ్యయనంలో తేలిందట. కనుక పని లేకపోవడాన్ని పని ఉండగానే అలవాటు చేయవలెనని నిర్ణయించారు. దానికి విశ్రాంతి సన్నద్ధత పథకమని పేరు. పథకాన్ని అమలు చేయడానికి పరంజ్యోతి అనే అధికారి వచ్చాడు. నలభై మూడేళ్ల మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రక్తపోటు చూసే మిషను.

ఆ ఏడాది రిటైరయ్యేవాడు ఆఫీసు మొత్తానికి ఓబులేసు ఒక్కడే కావడంతో పథకమంతా ఆయన మీద పడింది.

"ఓబులేసు గారూ, విశ్రాంతి అనేది ఒక స్థితి కాదు. అదొక సామర్థ్యం," అన్నాడు పరంజ్యోతి మొదటిరోజే. "దాన్ని మీలో దశలవారీగా పెంపొందించవలసిన బాధ్యత ప్రభుత్వం నాకు అప్పగించింది."

"అంటే ఏం చేయాల సార్?"

"ఏమీ చేయకూడదు. కానీ ఆ ఏమీ చేయకపోవడాన్ని సక్రమంగా చేయాలి."

జనన మరణాల రిజిస్టర్లున్న గదిని ఖాళీ చేసి, రిజిస్టర్లను వరండాలో పేర్చారు. గదిలో మంచం, పడక కుర్చీ, ఫ్యాను అమర్చారు. ప్రశాంతత కోసం గోడకు జలపాతం బొమ్మ అంటించారు. రోజూ తిప్పే ఆరు వాల్వులను దినకూలీలకు అప్పగించారు. ఓబులేసు పదిన్నరకు వచ్చి సాయంత్రం అయిదింటిదాకా అక్కడ విశ్రమించాలి. నిజంగా విశ్రమిస్తున్నాడని రుజువుగా గంటగంటకూ యంత్రం మీద వేలిముద్ర వేయాలి. నిద్ర పట్టిన రోజుల్లో వేలిముద్ర కోసం అటెండరు వచ్చి తట్టి లేపేవాడు.

మొదటి వారం ఓబులేసుకు సంతోషంగానే ఉంది. మోకాళ్లకు నొప్పి తగ్గింది. రెండో వారంలో ఆయన గదిలో ఫ్యాను విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించాడు. అది పని కిందికి వస్తుందని పరంజ్యోతి రాసుకున్నాడు. మూడో వారంలో స్క్రూడ్రైవరు తీసేసుకున్నారు.

నెల తిరిగేసరికి, చేరిన రోజు నూటముప్పై ఉన్న రక్తపోటు నూటయాభై రెండుకు ఎక్కింది. మర్నాడే మెమో వచ్చింది.

"మీకు కేటాయించబడిన విశ్రాంతిని నిర్ణీత ప్రమాణంలో స్వీకరించుటలో మీరు విఫలమైనట్లు గమనించడమైనది. మీ రక్తపోటును ఎందుకు తగ్గించుకొనలేదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

ముప్పై ఆరేళ్లలో ఓబులేసుకు మెమో రావడం అదే మొదలు. రెండుసార్లు చదివించుకున్నాడు, అద్దాలు పెట్టుకుని ఒకసారి తానే చదివాడు. ఆ సాయంత్రం రక్తపోటు నూటఅరవై నాలుగుంది. దానికి ఇంకో మెమో వచ్చింది.

"పని చేయలేదంటే మెమో ఇస్తారు. ఊరికే పండుకోలేదంటే కూడా మెమో ఇస్తారా?" అని ఇంట్లో సుంకులమ్మను అడిగాడు.

"పగలంతా పండుకొని వస్తాండావు. రాత్రికి నిద్ర యాడ్నుంచి వస్తాది? మంచం మీద అటు ఇటు దొర్లుతాండావు. నాకూ నిద్ర లేదు," అంది ఆమె. "పోయి ఏందన్నా చేసుకోపో."

ఆయన ఇంట్లో కుళాయి విప్పి వాషరు మార్చాడు. ఆ పని అయిపోయాక పక్కింటి కుళాయి, దాని పక్కింటి కుళాయి. పదిరోజుల్లో వీధిలో కారే కుళాయి ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ సంగతి పరంజ్యోతి చెవిన పడింది. పథకం కింద ఉన్న ఉద్యోగి వృత్తి నైపుణ్యాన్ని ఆఫీసు వేళల తర్వాత కూడా వాడటం విశ్రాంతికి తూట్లు పొడవడమేనని తేల్చి, ఓబులేసు చేత హామీపత్రం రాయించుకున్నాడు. పనిముట్లు ముట్టుకోననీ, పని గురించి మాట్లాడననీ, పని విషయాలను క్రమక్రమంగా మరిచిపోతాననీ అందులో ఉంది. చివర ఒక పరీక్ష ఉంటుందని కూడా ఉంది. దాని పేరు విస్మృతి పరీక్ష.

"మరుపు వస్తేనే మనసు తేలికవుతుంది ఓబులేసు గారూ. పదిహేడు వాల్వులు మోస్తూ ఎవరైనా విశ్రాంతిలోకి వెళ్లగలరా?" అన్నాడు పరంజ్యోతి. "పదిహేడు ప్రశ్నలుంటాయి. తెలియదంటే ఒక మార్కు. సరైన జవాబు చెబితే సున్నా. పన్నెండు రావాలి. రాకపోతే మీరు విశ్రాంతికి అర్హులు కారు. పింఛను కాగితాలు కదలవు."

ఓబులేసు ఆ రాత్రి నుంచి మరిచిపోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. మరిచిపోవాలంటే ముందు ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. నెల తిరిగేసరికి, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట చూసిన వాల్వులు కూడా మూత మీది తుప్పుతో సహా కళ్లకు కట్టసాగాయి.

మే నెల రెండో వారంలో మెయిన్ లైను పగిలింది.

పగిలింది బస్టాండు దగ్గర. ట్యాంకుకు ఎక్కించిన నీళ్లన్నీ రోడ్డు మీదికే పోసాగాయి. అతుకు వేయాలంటే ముందు పగులుకు పైనున్న వాల్వు మూయాలి. ఆ వాల్వు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నీటి విభాగం అసిస్టెంటు ఇంజనీరు షహనాజ్ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తెలివైన పిల్ల, పని నేర్చుకోవాలన్న పట్టుదల ఉంది. కానీ ఆమె చేరాక మెయిన్ లైను ఒక్కసారీ పగల్లేదు. మూడు చోట్ల తవ్వించింది. ఒకచోట టెలిఫోను కేబులు దొరికింది. రెండుచోట్ల మట్టి దొరికింది. ఇకమీదట అనుమతి లేకుండా తవ్వరాదని ఆఫీసు ఆపేసింది.

మూడో రోజుకు కింది పేటల్లో బిందెలు ఖాళీ అయ్యాయి. ఓబులేసు ఇల్లు కూడా కింది పేటలోనే. షహనాజ్ విశ్రాంతి గదికి వచ్చింది. తలుపు దగ్గర పరంజ్యోతి అడ్డుపడ్డాడు.

"మేడమ్, లోపలున్నది పని నుంచి ఉపసంహరణ దశలో ఉన్న ఉద్యోగి. పని ప్రస్తావన వారి ఆరోగ్యానికి హానికరం."

"ఒక్క ముక్క అడిగి పోతాను సార్. జనం రోడ్డు మీదికి వచ్చేశారు."

"సానుభూతి ఉంది. సరైన మార్గంలో అభ్యర్థన పెట్టండి."

ఆమె సాయంత్రం నేరుగా ఓబులేసు ఇంటికి వెళ్లింది. "ఓబులేసన్నా, ఏమనుకోవద్దు. నాకు ఇంగ దిక్కు తోచలేదు," అంది గడపలో నిలబడే. హామీపత్రం సంగతి గుర్తున్నా ఆయన చెప్పేశాడు. చెప్పడానికి అరనిమిషం పట్టింది.

మర్నాడు ఆమె తవ్వకానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టింది. సమాచారం ఎవరిచ్చారన్న గడిలో ఓబులేసు పేరు రాసింది, ఎందుకంటే ఆ గడి ఖాళీగా ఉంటే ఫైలు కదలదు. పేరు రాయడం వల్ల కూడా కదల్లేదు. ఉపసంహరణలో ఉన్న ఉద్యోగి జ్ఞాపకాలు చట్టరీత్యా చెల్లవని పరంజ్యోతి ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. ఓబులేసుకు మూడో మెమో ఇచ్చాడు.

అయిదో రోజు ట్యాంకరు దగ్గర తోపులాటలో సుంకులమ్మ కిందపడింది. మోచెయ్యి చర్మం లేచిపోయింది. రెండు బిందెల్లో ఒకటి ఒలికిపోయింది, ఇంకోటి సొట్టపడింది. ఓబులేసు గాయం కడగడానికి చూస్తే చెంబులో నీళ్లు లేవు. సొట్ట బిందెలో మిగిలిన నీళ్లే కాసిన్ని ఒంపుకుని, గుడ్డ తడిపి తుడిచాడు.

"నీకు తెలుసు కదా అది యాడుందో," అంది ఆమె.

"తెలుసు."

"తెలిసీ పండుకోను జీతమిస్తాండారా నీకు?"

ఆ మధ్యాహ్నం జనం ఖాళీ బిందెలతో ఆఫీసును చుట్టుముట్టారు. కమిషనరు రంగస్వామి కిటికీలోంచి చూసి, పరంజ్యోతిని పిలిచి, దీనికి నిబంధనల్లో దారేదైనా ఉందేమో వెతకమన్నాడు. పరంజ్యోతి నిజాయితీగా వెతికాడు. దారి ఒకటే కనిపించింది. పథకంలోని ఉద్యోగిని పని గురించి ప్రశ్నించడానికి నిబంధనలు అనుమతించే సందర్భం విస్మృతి పరీక్ష ఒక్కటే. దాన్ని ముందుకు జరిపితే సరి.

మర్నాడు పదింటికి సమావేశ మందిరంలో పరీక్ష పెట్టారు. కమిటీలో కమిషనరు, పరంజ్యోతి, ఆఫీసు మేనేజరు. షహనాజ్‌కు లోపలికి ప్రవేశం లేదు గనక నోటుపుస్తకంతో తలుపు దగ్గర నిలబడింది.

"ప్రశ్న ఒకటి," అని చదివాడు పరంజ్యోతి. "పాత మెయిన్ లైనుపై కింది పేటలకు పోవు శాఖను మూయు వాల్వు ఎచట గలదు? పరీక్షార్థి తొందరపడనవసరం లేదు. తెలియదని చెప్పుటకు సంకోచించరాదు."

తెలియదంటే మార్కు. మార్కులు వస్తే పింఛను. ఓబులేసుకు ఆ లెక్క బాగానే తెలుసు. కిటికీ బయట బిందెల చప్పుడు వినిపిస్తోంది.

"బస్టాండు ముందర చెరుకురసం బండి ఉంది కదా సార్. దాని ఎడమ చక్రం కింద. నాలుగడుగుల లోతు," అన్నాడు.

పరంజ్యోతి జవాబు రాసుకుని, మార్కు వేయబోయి ఆగాడు. "ఇది సరైన జవాబేనా?"

కమిషనరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తలుపు వైపు చూశాడు. "తవ్వి చూడందే ఎట్లా తెలుస్తాది సార్? రెండు రోజుల్నుంచి ఆ అనుమతే కదా అడుగుతాండాను," అంది షహనాజ్.

జవాబు తప్పయితే ఒక మార్కు వేయాలి, ఒప్పయితే సున్నా వేయాలి. ఏదో తేలకుండా ఏదీ వేయడానికి లేదు. చివరికి కమిషనరు అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు: "మూల్యాంకన నిమిత్తము తవ్వకమునకు అనుమతించడమైనది."

ఆ విధంగా కమిటీ, పరీక్షార్థి, వెనక ఊరిలో సగం జనం బస్టాండుకు వెళ్లారు. చెరుకురసం బండిని పక్కకు నెట్టారు. నాలుగడుగులు తవ్వగానే గడ్డపారకు ఇనుము ఖంగుమని తగిలింది. ఓబులేసుకు సున్నా పడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇద్దరు మనుషులు గుంతలో దిగి కడ్డీ వేసి బలంకొద్దీ తిప్పారు. వాల్వు కదల్లేదు. గట్టు మీద నిలబడి చూస్తున్న ఓబులేసు ఉండబట్టలేకపోయాడు. "అది ఉల్టా వాల్వు. కుడికి తిప్పితే పట్టేస్తాది. ఎడమకు తిప్పాల."

"ఓబులేసు గారూ, అడగని ప్రశ్నకు జవాబు చెప్పరాదు," అన్నాడు పరంజ్యోతి.

"అడగవయ్యా మరి," అన్నాడు కమిషనరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

పరంజ్యోతి కాగితం సరిచేసుకున్నాడు. "ప్రశ్న రెండు. సదరు వాల్వును ఏ దిశలో తిప్పవలెను?"

"ఎడమకు సార్. పద్నాలుగు చుట్లు. పదో చుట్టు కాడ బిగుసుకుంటాది, అప్పుడు అర చుట్టు వెనక్కి వదిలి మళ్లా పోవాల."

పదో చుట్టు దగ్గర వాళ్ల చేతుల్లో అది నిజంగానే బిగుసుకుంది. అర చుట్టు అంటే సరిగ్గా ఎంత వదలాలో వాళ్ల చేతులకు అంతుపట్టలేదు. ప్రయోగ పరీక్షకు నిబంధనల్లో వీలుందా అని కమిషనరు అడిగాడు. లేదని మాత్రం ఎక్కడా లేదని పరంజ్యోతి ఒప్పుకున్నాడు. షహనాజ్ చెయ్యి ఆసరా ఇస్తే ఓబులేసు మోకాళ్లు నొక్కుకుంటూ గుంతలోకి దిగాడు. కడ్డీ పట్టుకున్నాక ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. అర చుట్టు వెనక్కి వదిలాడు. ఇనుము చిన్నగా మూలిగింది. మిగతా నాలుగు చుట్లు మెత్తగా తిరిగాయి. రోడ్డు మీద పారుతున్న నీళ్లు సన్నబడి ఆగిపోయాయి.

పరంజ్యోతి నియమం ప్రకారం గుంత గట్టు మీదే మిషను చుట్టి రక్తపోటు చూశాడు. నూటఇరవై ఎనిమిది. మిషను చెడిపోయిందని రాసుకున్నాడు.

మరో మూడు గంటల్లో అతుకు పడింది. సాయంత్రానికి కింది పేట కుళాయిలు దగ్గి, గాలి కక్కి, ఎర్రటి నీళ్లు, ఆ వెనక తెల్లటి నీళ్లు వదిలాయి. కానీ పరీక్షను మధ్యలో ఆపడానికి వీల్లేదు. వాల్వుకొక ప్రశ్న అనుకున్నారు గాని, రోజూ తిప్పే ఆరింటిని వదిలేసినా, తారు కిందున్న పదకొండింటిలో కొన్నిటికి రెండేసి ప్రశ్నలు కావలసి పదిహేడూ వాటికే సరిపోయాయి. తర్వాతి రెండు రోజులూ కమిటీ ఓబులేసు వెంట ఊరంతా తిరిగింది. ఆయన చూపించిన చోటల్లా తవ్వారు, తవ్విన చోటల్లా వాల్వు ఉంది. షహనాజ్ ప్రతిదీ కొలిచి పటం గీసుకుంది. పురపాలక సంఘం దగ్గర ముప్పై ఏళ్లుగా లేని ఆ పటం ఇప్పుడు జవాబుపత్రం రూపంలో ఏర్పడింది.

ఓబులేసుకు పదిహేడుకు సున్నా వచ్చింది. జిల్లా మొత్తం మీద అంత తక్కువ మార్కులు ఎవరికీ రాలేదు. "విశ్రాంతికి సంపూర్ణముగా అనర్హుడు" అని తేల్చి, విశ్రాంతి అర్హత లేనివారిని విశ్రాంతి గదిలో ఉంచడం నిబంధనలకు విరుద్ధం గనక పనిలోకి పంపేశారు.

ఇంతటి వైఫల్యానికి కారణం తెలుసుకోవాలంటే పోల్చి చూడాలి గదా అని పరంజ్యోతి తక్కిన ఉద్యోగులకు కూడా అదే పరీక్ష పెట్టాడు. రోజూ మీరు చేసే పని ఏమిటో చెప్పండి అన్నదే ప్రశ్న. యాభై ఎనిమిది మందిలో నలభై ఒక్కరు ఒక్కరోజు విశ్రాంతి కూడా తీసుకోకుండానే పాసయ్యారు. కమిటీ సభ్యులు కూడా రాయాలని ఎవరో అంటే ముందుగా పరంజ్యోతే కూర్చున్నాడు. తన విధుల గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. మేనేజరు శ్రద్ధగా విని, అందులో రాసుకోదగ్గ విషయం ఒక్కటీ దొరకలేదని నివేదించాడు. నూటికి నూరు. కమిషనరు తన వంతు రాకముందే పరీక్షలు ముగిసినట్టు ప్రకటించాడు. పని జ్ఞాపకాల నుంచి ఇంత చిన్న వయసులో ఇంతటి విముక్తి సాధించిన అధికారి మరొకరు లేరని గుర్తించి, ప్రభుత్వం పరంజ్యోతిని ఆ పథకానికి రాష్ట్రస్థాయి సంచాలకుడిగా తీసుకుంది.

ఆ తర్వాతి నెలలు ఓబులేసుకు తేలిగ్గా గడిచాయి. పొద్దున్నే ఆయన సైకిలు మీద, షహనాజ్ స్కూటరు మీద వచ్చి కలిసేవారు. మొదట్లో ఆయన తిప్పుతుంటే ఆమె చూసేది. తర్వాత ఆమె తిప్పుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకునేవాడు. ఒకరోజు ఆమె ఆయన కంటే ముందే వచ్చి, గుట్ట మీది పేట వాల్వు వదిలేసింది. ఆయన చెవి పైపుకు ఆనించి విన్నాడు. సరిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చి, "ఇంగ చాలే," అన్నాడు సుంకులమ్మతో.

అరవై రెండు నిండాయి. కాగితాలు కదల్లేదు. ఫెయిలైనవాడు రిటైరు కాలేడని ఆఫీసు చెప్పింది. నాలుగు నెలలు తిరిగి తిరిగి, చివరికి సుంకులమ్మే కమిషనరు ముందు నిలబడింది.

"మా ఆయన ఏమేమి మర్చిపోవాల్నో ఒక పట్టీ రాసియ్యండి సార్. పూటకొకటి ఇంట్లో నేనే మరిపిస్తా."

ఓబులేసుకు మళ్లీ పరీక్ష పెట్టక రంగస్వామికి తప్పలేదు. అదే మందిరం, అదే మొదటి ప్రశ్న. ఓబులేసు నిలబడి, "షహనాజ్ మేడమ్‌ని అడగండి సార్," అన్నాడు.

"మీకు తెలుసా, తెలియదా?"

"నిన్నటిదాకా నాకు తెలిసిన సంగతి సార్ అది. ఇప్పుడు ఆయమ్మకు తెలుసు."

పదిహేడు ప్రశ్నలకూ అదే జవాబు. అది మరుపు కిందికి వస్తుందో రాదో తేలక కమిటీ సంచాలకుడికి రాసింది. మూడు వారాలకు పరంజ్యోతి సంతకంతో జవాబు వచ్చింది. ఇతరుల ఆధీనంలోకి వెళ్లిన జ్ఞానం విస్మరించబడినట్లే భావించవలెనని అందులో ఉంది. ఓబులేసు పదిహేడుకు పదిహేడుతో పాసై ఇంటికి వెళ్లాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పేటప్పుడు షహనాజ్ ఏడ్చింది. ఆయన ఏడవలేదు. సభ జరుగుతున్నంతసేపూ ఆయన చూపు మందిరం మూలనున్న కుళాయి మీదే ఉంది.

పింఛనుదారులందరూ ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని సంతకం పెట్టి రావాలి. ఓబులేసు మాత్రం అదనంగా, తనకు ఏమీ గుర్తులేదని కూడా సంతకం పెట్టాలి. ఆ రోజు ఆయన ఆఫీసులో ఎవరినీ పేరు పెట్టి పలకరించడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన అటెండరు ఎదురొచ్చినా కొత్తమనిషిని చూసినట్టు చూస్తాడు. సుంకులమ్మ చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా నడిపించుకెళ్తుంది.

"ఏమన్నా గుర్తుకొస్తాందా పెద్దాయనా?" అని గుమాస్తా జాలిగా అడుగుతాడు.

ఓబులేసు సుంకులమ్మ వైపు చూస్తాడు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

"లేదు సార్," అంటాడాయన.

గుమాస్తా ఆరోగ్యం సంతృప్తికరమని రాసి, ముద్ర వేస్తాడు.